జతకాని బాక్సులతో కచేరీకి సౌండ్ సెట్ చేయడం ఎలా

శ్రీరామనవమి పందిట్లో కచేరీ, జాతరలో సినిమా పాటల ఆర్కెస్ట్రా, కాలేజీ వార్షికోత్సవం. ఇలాంటి చోట్లకు వచ్చే సౌండ్ సెట్టు సాధారణంగా ఒక్కసారి కొన్నది కాదు. పాతవి రెండు డబుల్ 15 బాక్సులు (ఒక్కోదాంట్లో 15 అంగుళాల స్పీకర్లు రెండు), ఈ మధ్య కొన్న పవర్డ్ బాక్సులు (ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి) రెండు, పక్క ఊరి మైకుసెట్టు అతని దగ్గర అద్దెకు తెచ్చినవి ఇంకో రెండు, రకానికొకటిగా బేస్ బాక్సులు, వెదురు గుంజలకు కట్టిన రెండు హారన్లు. వీటన్నిటినీ స్టేజికి అటు సగం, ఇటు సగం పేర్చి, ఒకే సిగ్నల్ ఇచ్చి వాల్యూమ్ పెంచుతారు. చప్పుడు పెద్దగానే వస్తుంది కానీ పాటలో మాట అర్థం కాదు. ముందు వరుసవాళ్లు చెవులు మూసుకుంటారు, వెనకవాళ్లకు డ్రమ్ము దెబ్బ తప్ప ఇంకేమీ అందదు.

ఉన్న సామానుతోనే దీన్ని బాగు చేయవచ్చు. పట్టుకోవలసిన సూత్రం ఒకటే: ఒక కుర్చీలో కూర్చున్న మనిషికి వీలైనంతవరకు ఒకే రకం బాక్సు నుంచి పాట వినిపించాలి. బాక్సు రకం మారితే దానికి అప్పగించే పనైనా మారాలి, అది నిలబడే చోటైనా మారాలి.

లెక్కలు చెప్పడానికి ఒక మైదానం అనుకుందాం. వెడల్పు 25 మీటర్లు, స్టేజి ముందు నుంచి వెనక వరుస దాకా 35 మీటర్లు. మన దగ్గర డబుల్ 15 పాసివ్ (బయటి ఆంప్లిఫయర్‌తో నడిచే) బాక్సులు రెండు, ఒక కంపెనీ పవర్డ్ 15లు రెండు, ఇంకో కంపెనీ పవర్డ్ 12లు రెండు, 18 అంగుళాల బేస్ బాక్సులు ఒక రకానివి రెండు, మరో రకానిది ఒకటి ఉన్నాయి. పాత హారన్లు కూడా ఉన్నాయి.

ముందు జాబితా రాయండి

బండిలోంచి దించగానే పేర్చడం మొదలుపెట్టకండి. ఒక కాగితం తీసుకుని ఒక్కో బాక్సు వివరం రాయండి: పాసివా పవర్డా, ఎన్ని ఓమ్‌లు, ఎన్ని వాట్లు, సెన్సిటివిటీ ఎంత, బాక్సులోని హారన్ (పై స్వరాలు పలికే భాగం) ఎన్ని డిగ్రీల వెడల్పున విసురుతుంది. చాలావరకు వెనక ప్లేటు మీదే ఉంటాయి.

వాట్ల అంకె దగ్గర జాగ్రత్త. ఒకే బాక్సుకు కంటిన్యువస్ 400 అని, ప్రోగ్రాం 800 అని, పీక్ 1600 అని మూడు అంకెలు రాస్తారు. ఒక బాక్సు పీక్‌ను ఇంకో బాక్సు కంటిన్యువస్‌తో పోల్చి ఇది పెద్దదని అనుకోకండి. ఎంత గట్టిగా మోగుతుందో తేల్చడంలో వాట్లతో పాటు సెన్సిటివిటీకీ అంతే పాత్ర ఉంది. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఒక బాక్సు 96 డీబీ (డెసిబెల్), ఇంకొకటి 102 డీబీ ఇస్తే, తేడా 6 డీబీ. అంటే రెండో బాక్సు 250 వాట్లతో చేసే పనికి మొదటిదానికి 1000 వాట్లు కావాలి. పాతదని పక్కన పెట్టే డబుల్ 15 బాక్సు చాలాసార్లు ఇక్కడే కొత్త ప్లాస్టిక్ బాక్సును దాటిపోతుంది.

పొలారిటీ చూడకుండా ముందుకు వెళ్లొద్దు

పొలారిటీ అంటే ప్లస్, మైనస్‌ల వరస. అది తారుమారై, రెండు బాక్సుల్లో ఒకదాని కోన్ ముందుకు తోస్తుంటే రెండోదాని కోన్ వెనక్కి లాగుతుంటే బేస్ మొత్తం గాలిలో కలిసిపోతుంది. అద్దె సామానులో, ఎవరో రిపేరు చేసిన బాక్సుల్లో ఇది మామూలే. కేబుల్ కొసల్లో వైర్లు తారుమారై ఉండవచ్చు. పాత పరికరాల్లో కొన్నిటికి ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు ప్లగ్గు) మూడో పిన్ను హాట్ (ప్లస్), ఇప్పటివాటికి రెండో పిన్ను. పాత జేబీఎల్ డ్రైవర్లలోనైతే ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ లోపలికే వెళ్లేది.

పాసివ్ బాక్సుకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. స్పీకాన్ (బాక్సు వెనక ప్లగ్గు) కేబుల్ రెండో కొసలో 1 ప్లస్ వైరుకు సెల్ ప్లస్, 1 మైనస్ వైరుకు సెల్ మైనస్ ఒక్క క్షణం తాకించి తీసేయండి. వూఫర్ (బేస్ స్పీకర్) కోన్ ముందుకు రావాలి. రెండు బాక్సులూ ఒకలాగే కదలాలి. పవర్డ్ బాక్సులకు సెల్ పని చేయదు. ఒకే రకం రెంటినీ పక్కపక్కన పెట్టి బేస్ ఎక్కువున్న పాట వేయండి. మిక్సర్లో ఒకదాని పొలారిటీ మార్చి చూడండి. ఏ స్థితిలో బేస్ నిండుగా ఉందో అదే సరైనది. తప్పుగా ఉన్న కేబుల్ దొరికితే అప్పుడే టేపు చుట్టి పక్కన పడేయండి.

అసలు పని: ఎవరికి ఏ చోటు

వేర్వేరు బాక్సులను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే వైపు తిప్పితే ఏమవుతుందో తెలిస్తే మళ్లీ ఎవరూ ఆ పని చేయరు. ఒకే పాట రెండు బాక్సుల నుంచి వస్తోంది. ఒకదాని శబ్దం మీ చెవికి ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరింది. దూరంలో చెప్పాలంటే 35 సెంటీమీటర్ల తేడా. అంతమాత్రానికే 500 హెర్ట్జ్ దగ్గర రెండూ ఎదురు తిరిగి ఒకదాన్నొకటి మింగేస్తాయి. 1500, 2500, 3500 దగ్గరా అంతే. మధ్యలో 1000, 2000 దగ్గర మాత్రం ఉబ్బుతాయి. రెండు కుర్చీలు పక్కకు జరిగితే ఈ గుంటలూ జరుగుతాయి. అందుకే ఈక్వలైజర్‌తో వీటిని పూడ్చలేం. ఒక కుర్చీకి సరిచేస్తే పక్క కుర్చీకి చెడుతుంది.

సరే, రెంటికీ దూరం సమానంగా పెడదామంటే అదీ చాలదు. పవర్డ్ బాక్సు లోపల డిజిటల్ ప్రాసెసర్ ఉంటే శబ్దం బయటికి రావడానికి దానికే కొన్ని మిల్లీసెకన్లు పట్టవచ్చు. పాసివ్ బాక్సుకు ఆ ఆలస్యం లేదు. పైగా వూఫర్ నుంచి హారన్‌కు మారే క్రాసోవర్ ఒక బాక్సులో 1200 హెర్ట్జ్ దగ్గర, ఇంకో దాంట్లో 2000 దగ్గర ఉంటే వాటి ఫేజ్ (తరంగాల ఎత్తుపల్లాల వరస) ఎక్కడా పూర్తిగా కలవదు. ఒక ఫ్రీక్వెన్సీకి సరిపోయే డిలే (కావాలని పెట్టే ఆలస్యం) ఇంకో ఫ్రీక్వెన్సీకి తప్పుతుంది.

కాబట్టి ఇలా పంచండి. మాట అన్నిటికంటే స్పష్టంగా పలికే జత మెయిన్ టాప్‌లు (బేస్ తప్ప మిగతాదంతా పలికే ముఖ్యమైన బాక్సులు). వాటిని ఎంచడానికి ఒక్కో రకాన్ని విడిగా ఆన్ చేసి, మైకులో ఎవరి చేతనైనా ఒక పద్యం చదివించి, 15 మీటర్ల దూరంలో నిలబడి వినండి. శ, ష, స వేరువేరుగా వినిపించాలి. తెచ్చినవారి మొహమాటానికో, కొత్తగా కనిపిస్తోందనో ఎంచకండి. మన ఉదాహరణలో డబుల్ 15లు గెలిచాయనుకుందాం. స్టేజికి రెండు చివర్లా, మైకుల కంటే ముందుకు పెట్టండి. బాక్సులోని హారన్ నేల నుంచి రెండు మీటర్ల పైన, నిలబడ్డ మనిషి తలను దాటి ఉండాలి. ముఖం కొద్దిగా కిందికి, మైదానం మధ్యలోకి తిప్పండి.

రెండో జత, పవర్డ్ 15లు, మైదానం మధ్యకు వెళ్లాలి. స్టేజి నుంచి 20 మీటర్ల దగ్గర రెండు పక్కలా స్టాండ్ల మీద, వెనక కుర్చీల వైపు తిప్పి పెట్టండి. బహిరంగ మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డీబీ తగ్గుతుంది. ముందు వరుస 3 మీటర్లలో, వెనక వైపు ఒక మనిషి 24 మీటర్లలో ఉంటే తేడా 18 డీబీ. స్టేజి దగ్గర పేర్చి ఆ తేడా పూడ్చాలంటే ముందు కూర్చున్న పిల్లల చెవులు పోతాయి. మధ్యలో పెట్టిన చిన్న బాక్సు ఆ పనిని నెమ్మదిగా, హాయిగా చేస్తుంది.

పవర్డ్ 12లు స్టేజి మీద గాయకులకు మానిటర్లు, అంటే వాళ్ల పాట వాళ్లకే వినిపించేవి. గుంజలకు కట్టే హారన్లకు పాట ఇవ్వకండి. పార్కింగు వైపో, ప్రసాదం వరుస వైపో తిప్పి ప్రకటనలకు మాత్రమే వాడండి.

ఒక రకానిది ఒక్కటే ఉంటే ఎడమవైపు ఒక రకం, కుడివైపు ఇంకో రకం పెట్టాలన్న ఆలోచన రాకూడదు. మంచిదాన్ని స్టేజి పక్కన ఒంటరిగా పెట్టి, రెండోదాన్ని వెనకకు, ఆలస్యంగా మోగే డిలే బాక్సుగా పంపండి. ఒక్క బాక్సు కచేరీ చూడడానికి చిన్నగా ఉంటుంది, వినడానికి బాగుంటుంది.

ఎలాగైనా అన్నీ ముందే ఉండాలని కమిటీవారు పట్టుబడితే రెండు దారులున్నాయి. ఒకటి, రెండు రకాల వీపులు దగ్గర చేసి, ముఖాలు విడదీయండి. ఒక్కోటి 60 డిగ్రీలు విసిరేదైతే మధ్య కోణం కూడా అంతే ఉండాలి. ఒకటి మధ్య కుర్చీలకు, రెండోది పక్క కుర్చీలకు. రెండో దారి, సరుకు విడదీయండి. గొంతులు ఒక జతలో, కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడ్ ఇంకో జతలో. వేర్వేరు శబ్దాలు కనుక ఒకదాన్నొకటి మింగవు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1974లో కట్టిన వాల్ ఆఫ్ సౌండ్ నడిచింది ఈ పద్ధతిలోనే. ఒక్కో వాయిద్యానికీ, గొంతులకూ విడివిడి స్పీకర్లు. నా దృష్టిలో ఆర్కెస్ట్రా కార్యక్రమాలకు ఇది చాలా మంచి దారి, మనవాళ్లు దీన్ని అసలు వాడడం లేదు.

బేస్ బాక్సులు

ఒకే రకం రెంటినీ స్టేజి ముందు మధ్యలో పక్కపక్కన పెట్టండి. చెరో చివర పెడితే మధ్య వరుసలో బేస్ గుండె మీద కొడుతుంది, నాలుగడుగులు పక్కకు వేస్తే మాయమవుతుంది. పక్కపక్కనున్నప్పుడు ఆ హెచ్చుతగ్గులు ఉండవు, రెండూ కలిసి 6 డీబీ వరకు కలిసొస్తుంది.

మూడోది వేరే రకమని చెప్పుకున్నాం. దాన్ని ఈ రెంటి పక్కన పెట్టకండి. ముందు రంధ్రాలున్న మామూలు బాక్సుకూ, లోపల మడతలు పెట్టిన హారన్ బేస్‌కూ దారి పొడవు తేడా రెండు మీటర్లు దాటవచ్చు. 80 హెర్ట్జ్ తరంగం పొడవు 4.3 మీటర్లు. సగం తరంగం తేడా వచ్చిందంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మూడు మోగుతున్నా రెంటికంటే తక్కువ బేస్ రావడం వెనక కారణం ఇదే. ఆ మూడోదాన్ని స్టేజి మీద డ్రమ్స్ లేదా ప్యాడ్ వాయించే అతని వెనక పెట్టండి, సంతోషిస్తాడు.

సబ్‌లకు (బేస్ బాక్సులకు) 90 లేదా 100 హెర్ట్జ్ దగ్గర లో పాస్ (కింది స్వరాలనే పోనిచ్చేది), టాప్‌లకు అక్కడే హై పాస్ (పై స్వరాలనే పోనిచ్చేది). రెంటికీ 24 డీబీ వాలు. సబ్‌లకు అడుగున 35 లేదా 40 హెర్ట్జ్ దగ్గర ఇంకో హై పాస్ తప్పకుండా పెట్టండి. రంధ్రాల బాక్సులో ట్యూనింగ్ కంటే కింది స్వరాలకు కోన్‌ను ఆపే గాలి ఉండదు. అది కాయిల్ కొట్టుకునేదాకా ఊగుతుంది.

ఆంప్లిఫయర్లు

ఒక ఛానల్‌కు ఒకే రకం బాక్సులు. 8 ఓమ్‌ల బాక్సు, 4 ఓమ్‌ల బాక్సు కలిపి తగిలిస్తే ఆంప్‌కు కనిపించేది 2.67 ఓమ్‌లు. చాలా ఆంప్‌లు దానికి వేడెక్కి ఆగిపోతాయి. తట్టుకున్నా 4 ఓమ్‌లది రెట్టింపు పవర్ తాగేస్తుంది. హారన్లు 100 వోల్ట్ లైన్‌వైతే వాటి ఆంప్ పూర్తిగా వేరే ఉండాలి. ఆ లైను పొరపాటున మామూలు బాక్సుకు తగిలితే వాయిస్ కాయిల్ మిగలదు.

లిమిటర్ (హద్దు దాటిన వోల్టులను ఆపేది) వోల్టు లెక్క సులభం: వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 400 వాట్లు, 8 ఓమ్‌లకు దాదాపు 57 వోల్టులు. సిస్టమ్‌లో అన్నిటికంటే చిన్న బాక్సు ముందు కాలిపోతుంది కాబట్టి ఒక్కో రకానికి విడిగా లిమిటర్ పెట్టండి.

సౌండుకు సంబంధించిన ప్లగ్గులన్నీ ఒకే కరెంటు ఫేజ్ మీద, లైట్లు ఇంకో ఫేజ్ మీద ఉంచండి. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేవాళ్లుంటారు. అది గాయకుడి చేతిలోని మైకును కరెంటు తీగగా మార్చే పని. హమ్‌కు మందు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేదా డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ను మైకు లైనుకు తగ్గట్టు మార్చేది).

ఒక్కో జతకు ఒక్కో అవుట్‌పుట్

మిక్సర్ నుంచి ఒకే వైరు తీసి అన్ని బాక్సులకూ గొలుసులా తగిలిస్తే ఇక మీ చేతిలో ఏమీ ఉండదు. ప్రతి రకానికీ విడి వాల్యూమ్, విడి ఈక్యూ (ఈక్వలైజర్), విడి డిలే కావాలి. బెరింజర్ ఎక్స్32, మిడాస్ ఎం32 లాంటి డిజిటల్ మిక్సర్లో మ్యాట్రిక్స్ అవుట్‌పుట్లు (విడివిడిగా సర్దుకునే దారులు) ఇందుకే ఉన్నాయి: ఒకటి మెయిన్, ఒకటి సబ్, ఒకటి డిలే. అనలాగ్ మిక్సర్ అయితే గ్రూప్ లేదా ఆక్స్ అవుట్ తీసుకుని, ప్రాసెసర్ ద్వారా పంపండి. ఇటీవలి పవర్డ్ బాక్సుల్లో కొన్నిటికి వెనక మెనూలోనే డిలే ఉంటుంది, వెతికి చూడండి. మొత్తం మోనోలో, అంటే అన్ని వైపులా ఒకే శబ్దం వచ్చేలా నడపండి. ఎడమవైపు కూర్చున్నవారికి కుడివైపు కీబోర్డు వినపడకపోవడం వాళ్లకు అన్యాయం.

డిలే కట్టడం

శబ్దం వేగం వేడిని బట్టి మారుతుంది. 331కి, ఉష్ణోగ్రతను 0.6తో గుణించి కలపండి. సాయంత్రం 35 డిగ్రీలుంటే సెకనుకు 352 మీటర్లు. మెయిన్ నుంచి డిలే బాక్సు దాకా టేపుతో కొలిస్తే 20 మీటర్లు. 20ని 352తో భాగిస్తే 57 మిల్లీసెకన్లు. దీనికి ఇంకో 8 నుంచి 10 కలిపి 65 పెట్టండి.

ఆ అదనం ఎందుకంటే, చెవి మొదట ఎటు నుంచి విన్నదో శబ్దమంతా అటు నుంచే వస్తోందనుకుంటుంది. జర్మనీలోని గోటింగెన్‌లో హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో దీన్ని కొలిచి చూపించాడు. సుమారు 30 మిల్లీసెకన్ల లోపు వచ్చిన రెండో శబ్దం కొంచెం గట్టిగా ఉన్నా, చెవి దాన్ని ప్రతిధ్వనిగా కాక మొదటిదానికి బలంగానే తీసుకుంటుంది. జతకాని బాక్సులకు ఇది పెద్ద వరం. ఫేజ్ పూర్తిగా కలవకపోయినా, వెనక కూర్చున్నవారికి పాట స్టేజి మీద పాడే మనిషి నోటి నుంచే వస్తున్నట్టుంటుంది.

మెయిన్‌కూ సబ్‌కూ మాత్రం ఇంత ఉదారంగా ఉండకూడదు. మైదానం మధ్యలో నిలబడి, రెంటి నుంచీ క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ టోన్, అంటే 100 హెర్ట్జ్, ఒక మోస్తరు వాల్యూమ్‌లో వేయించండి. రెండూ విడివిడిగా ఒకే మోతలో ఉండాలి. ఇప్పుడు సబ్ పొలారిటీ తిప్పండి. ఎక్కువ ఆలస్యంగా వచ్చేది ఏదో టేపు కొలతతో అంచనా వేసి, ముందొచ్చేదాని డిలేను అర మిల్లీసెకను చొప్పున పెంచుతూ పోండి. ఒక చోట శబ్దం బాగా కుంగిపోతుంది. అక్కడ ఆపి పొలారిటీ మళ్లీ మామూలుగా తిప్పండి. ఇప్పుడు రెండూ కలిసి మోగుతాయి. 100 హెర్ట్జ్‌కు ఈ కుంగుబాటు ప్రతి 10 మిల్లీసెకన్లకూ మళ్లీ వస్తుంది, కాబట్టి టేపు లెక్కకు 5 మిల్లీసెకన్ల కంటే దూరం పోకండి.

ల్యాప్‌టాప్, కొలత మైకు ఉంటే ఓపెన్ సౌండ్ మీటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫేజ్‌ను గీత గీసి చూపిస్తుంది. లేకపోతే పై పద్ధతి చాలు.

గొంతు ఒకేలా ఉండేట్టు ఈక్యూ

అన్ని బాక్సులకూ ఒకే ఈక్యూ పెట్టకండి. ముందు మెయిన్‌లను ఒంటరిగా, తెలిసిన ఒక గొంతుతో సరిచేయండి. తర్వాత డిలే ఆన్ చేసి, 15 మీటర్ల నుంచి 25 మీటర్ల దాకా నడవండి. గొంతు రంగు మారిన చోట ఆగి, డిలే ఈక్యూను మెయిన్‌కు దగ్గర చేయండి. మెయిన్ జోలికి పోవద్దు. డిలే నుంచి 120 హెర్ట్జ్ కింది బేస్ తీసేయండి, ముందు నుంచి వచ్చేదే వెనకకు సరిపోతుంది. ఎక్కువున్నది తగ్గించడం మంచిది, తక్కువున్నది పెంచడం ఎప్పుడోగానీ పనికిరాదు. హల్లుల స్పష్టత చాలావరకు 2000 నుంచి 4000 హెర్ట్జ్‌లో ఉంటుంది. అక్కడ గుంట పడితే మాట పోతుంది, మరీ ఉబ్బితే అరగంటలో చెవి నొప్పి పుడుతుంది.

డిలే వాల్యూమ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి దాని పక్కన నిలబడి మ్యూట్ చేయించండి. ఉన్నప్పుడు అది మోగుతున్నట్టు అనిపించకూడదు, తీసేస్తే మాట మసకబారాలి.

మైకులు మామూలు కార్డియాయిడ్ (వెనక శబ్దాన్ని పట్టనివి) అయితే మానిటర్లను సరిగ్గా మైకు వీపు వైపు పెట్టండి. కీచుమనే ఫ్రీక్వెన్సీలను మానిటర్ అవుట్‌పుట్లోనే కోయండి, మెయిన్లో కాదు.

జనం వచ్చే ముందు, వచ్చాక

స్టాండ్ల మీది బాక్సులకు ఇసుక మూటలు, బెల్టులు కట్టండి. గాలివాన వచ్చే కాలమైతే స్టాండు ఎత్తు తగ్గించండి. దారిలో పోయే కేబుళ్ల మీద రబ్బరు పట్టా లేదా మట్టి ఉండాలి.

అనుమతి కాగితం చేతిలో ఉంచుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండుగ సందర్భాల్లో అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆ స్థలం హద్దు దగ్గర మోత, ఆ ప్రాంతానికి నిర్ణయించిన స్థాయికి 10 డీబీ ఎక్కువ లేదా 75 డీబీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. డిలే పద్ధతిలో ఇంకో లాభం ఇక్కడే. స్టేజి దగ్గర అరిచే పని లేదు కాబట్టి హద్దు దాటే మోత తగ్గుతుంది.

జనం నిండితే బట్టలు, మనుషులు పై స్వరాలను మింగుతారు. మొదటి పాటకు మిక్సర్‌ను నడిపే ట్యాబ్ పట్టుకుని వెనక వరుస దాకా నడిచి, మాట మసకబారితే ముందు డిలేలో 3000 హెర్ట్జ్ పైన ఒకటి రెండు డీబీ ఇవ్వండి. తర్వాతే మెయిన్. రాత్రి చల్లబడి 24 డిగ్రీలకు దిగితే 20 మీటర్ల లెక్క ఒక మిల్లీసెకనే మారుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మిక్సర్లో సీన్ (అన్ని సెట్టింగుల నకలు) సేవ్ చేయండి. ప్రతి బాక్సు వెనక టేపు అంటించి దాని పొలారిటీ, గెయిన్, ఏ పనికి వాడారో, డిలే అంకె రాసి పెట్టండి. సామాను ఎక్కించేటప్పుడు రకాలను కలపకుండా జతలుగా ఎక్కించండి.